మా పాప ఒంటిపూట బడి

బడిలో మీటింగు ఉందని మెసేజ్ వచ్చిందంటే ఆ రోజు నుంచే మా ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. మా ఆవిడ పాప యూనిఫామ్‌ను మళ్ళీ ఇస్త్రీ చేసేది. తను ఏ చీర కట్టుకోవాలో తేలక బీరువాలోంచి తీసేది, మళ్ళీ లోపల పెట్టేది. మరీ మంచి చీర కడితే వీళ్ళకేం లోటని అనుకుంటారు, మరీ పాతది కడితే పిల్లను కూడా ఇలాగే చూస్తుందని అనుకుంటారు. ఇదంతా నేను మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ గమనించిందే. గమనించాను, అంతే. వెంట మాత్రం వెళ్ళలేదు.

మాది గూడూరు. నిమ్మకాయల మార్కెట్టులో నాకో చిన్న కొట్టు ఉంది. చిల్లకూరు వైపు పల్లెల నుంచి రైతులు పొద్దున్నే ఆటోల్లో బస్తాలు దించుతారు. కాయలు రాశులు పోయడం, వేలం పాట, సైజు చూసి వేరు చేయడం, లారీకి ఎత్తడం, ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. బడి వాళ్ళు మీటింగు ఎప్పుడూ పొద్దుటి పూటే పెట్టేవాళ్ళు. "బేరాలొదిలేసి ఎట్ట వచ్చేది?" అనేవాణ్ణి. ఆమె ఎన్నడూ గట్టిగా రమ్మని అడగలేదు. అడగకపోవడం నాకు సుఖంగానే ఉండేది. నిజం చెప్పాలంటే, కాయ రాక మార్కెట్టంతా ఖాళీగా పడి ఉన్న రోజుల్లో కూడా నేను వెళ్ళలేదు. నా కూతురి గురించి అక్కడ ఏం చెబుతారో వినడం నాకిష్టం లేదు. విననంతకాలం అది జరగనట్టే ఉండేది నాకు.

మాకు ఒక్కతే కూతురు. అప్పుడు మూడో తరగతి. మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవి కూడా అందరికీ వచ్చినట్టు రాలేదు. మనం అన్న మాటలో చివరి ముక్క పట్టుకుని తిరిగి అనేది. "అన్నం తింటావా" అంటే "తింటావా" అనేది. తింటానని దాని అర్థమని మేము నేర్చుకున్నాం. నెల్లూరులో డాక్టరు ఆటిజం అని చెప్పారు. పెద్ద శబ్దాలు దానికి పడవు. బడిలో కరెంటు బెల్లు మోగితే చెవులు మూసుకుని కేకలు పెట్టేది, ఒక్కోసారి బెంచీ కిందికి దూరేది. అంతకుముందు రెండు బడులు దాన్ని చేర్చుకోలేదు. ఈ బడి చేర్చుకుంది. అందుకని ఆ బడి గేటు దగ్గరకు వెళ్ళినప్పుడల్లా మాకు తెలియకుండానే మా తలలు కొంచెం వంగేవి.

మీటింగు రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి మా ఆవిడను "ఏమన్నారు?" అని అడిగేవాణ్ణి.

"మామూలే" అనేది.

ఆ మాటను నేను మంచి కబురు కింద జమ కట్టుకునేవాణ్ణి. ఆమె వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతుంటే నేను చెప్పులు వేసుకుని మళ్ళీ కొట్టుకు బయలుదేరేవాణ్ణి.

ఒకసారి మీటింగు ముందు ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. లేచి నిలబడే ఓపిక లేదు. "వాయిదా వెయ్యమని అడుగుతా" అంది.

"ఎందుకూ? నేను పోతాలే. నలుగురు టీచర్లతో మాట్లాడలేనా? దినామూ మార్కెట్టులో ఎంతమందితో మాట్లాడుతుంటాను!"

ఆమె దిండు మీద నుంచి తల ఎత్తి నా మొహంలోకి చూసింది. "ఊరికే కూర్చోని వినండి. వాళ్ళు ఏదడిగినా, మా ఆవిడతో మాట్లాడి చెప్తానని చెప్పి లేచి వచ్చేయండి. ఏదానికీ ఒప్పుకోబాకండి."

సరేనన్నాను కానీ నాకు చురుక్కుమంది. వేలం పాటలో ఎదుటివాడి కళ్ళు చూసి ధర చెప్పేవాణ్ణి. నన్నేమో చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి పంపిస్తోంది అనుకున్నాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురున్నారు. ప్రిన్సిపాల్ మేడం, క్లాసు టీచరు, కోవూరు నుంచి వారానికి రెండు రోజులు వచ్చే ప్రత్యేక టీచరు. ఆ అమ్మాయి మా పాపలాంటి పిల్లలకు నేర్పేందుకు చదువుకున్నది, వయసులో చిన్నది. బల్లకు అవతల వాళ్ళు ముగ్గురు, ఇవతల నేను ఒక్కణ్ణి. పక్కన ఖాళీ కుర్చీ ఒకటి. ఇన్నాళ్ళూ మా ఆవిడ కూర్చున్నప్పుడు ఆ పక్క కుర్చీ ఎవరిదో నాకు అక్కడ కూర్చున్నాకగానీ తట్టలేదు.

మంచి మాటలతోనే మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు పాపకు రానివి చెప్పుకుంటూ పోయారు. లెక్కలు రావు, వరసలో నిలబడదు, పిలిస్తే పలకదు, పక్క పిల్లను గీరింది. తప్పు చెప్పడం లేదు. మెత్తగానే చెబుతున్నారు. అయినా ప్రతి మాటా నా మీద పడుతున్నట్టే ఉంది.

ప్రత్యేక టీచరు నన్ను అడిగింది. "ఇంట్లో బాగా భయపడినప్పుడు మీరేం చేస్తే నెమ్మదిస్తుంది సార్?"

"టీవీ పెడతాం" అన్నాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మీ మేడం ఏమో రెండు చేతులూ పట్టుకోని గట్టిగా నొక్కితే తగ్గుద్దని చెప్పినారే. ఇక్కడ మేం కూడా అట్టనే చేస్తున్నాం."

నాకు తెలియదు. నా ఇంట్లో, నా కళ్ళ ముందు జరిగేదే. తెలియదు.

"పాప ఈమధ్య ఎవరి పేరైనా చెబుతుందా సార్, ఇంట్లో?"

అదీ తెలియదు. క్లాసులో దానికొక స్నేహితురాలు ఉందని అప్పుడే విన్నాను. చదువు రాని పిల్లాణ్ణి నిలబెట్టి ప్రశ్నలు వేస్తున్నట్టు అనిపించింది. సిగ్గేసినప్పుడు నాకు కోపం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

ప్రిన్సిపాల్ మేడం అప్పుడు అసలు విషయానికి వచ్చారు. "మేం పాపని తీసెయ్యమనడం లేదు సార్. కొన్నాళ్ళు ఒంటిపూట పంపండి. భోజనాల వేళకి తీసుకుపోండి. మీ మేడంకి కూడా చెప్తానే ఉన్నాం."

ఆ చివరి మాట చెవిలో పడింది కానీ బుర్రలోకి ఎక్కలేదు.

"అంటే మా పిల్ల మీకు బరువైంది, అంతే కదా?" అన్నాను. గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మేమేమన్నా ఊరికే పంపిస్తా ఉండామా? మీకు చేతకాకపోతే చెప్పండి. ఒంటిపూట ఏంది, అసలుకే మాన్పిస్తాం!"

"మాన్పించొద్దు సార్. ఒంటిపూట చాలు" అన్నారు మేడం, ఏమాత్రం గొంతు పెంచకుండా. "రేపటి నుంచా?"

"రేపటి నుంచే!"

ప్రత్యేక టీచరు ముందుకు వంగింది. "సార్, ఒకసారి మీ మేడంని అడిగి..."

"ఏం, నేను తండ్రిని కాదా?" అని లేచి వచ్చేశాను.

బండి మీద ఇంటికి వస్తూ గెలిచినట్టే అనుకున్నాను. టీ కొట్టు దగ్గర ఆగి టీ కూడా తాగాను. ఇంతకాలం ఆడమనిషి కదా అని వాళ్ళు నోటికొచ్చినట్టు మాట్లాడి ఉంటారు, ఇవాళ అడిగేవాడొకడున్నాడని తెలిసింది అనుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నా కోసమే. "ఏమన్నారు?"

"గట్టిగా అడిగేసినా. ఒంటిపూట పంపమన్నారు. పంపిస్తాం పో, మీ బోడి మధ్యాహ్నాలు మాకేం అక్కర్లేదు అన్నట్టు చెప్పి వచ్చినా."

"మీరు సరే అన్నారా?"

"రేపటి నుంచే అన్నా."

ఆమె జ్వరానికి ఎండిపోయిన పెదాలు తడుపుకుంది. అరుస్తుందని అనుకున్నాను. అరవలేదు.

"రెండేళ్ల నుంచి ప్రతి మీటింగులో ఆ ఒంటిపూట మాటే అంటా ఉండారు" అంది. "ఇంకొక నెల చూడండి మేడం అంటా, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా బతిమలాడి, ఆ మాట దాటించుకోని వస్తా ఉండా. దానికి బడంటే మధ్యాహ్నమే. పొద్దునంతా పాఠాలు, దానికేం అర్థం కాదు. అన్నం తిన్నాకే బొమ్మలేసుకుంటారు, గ్రౌండుకు పోతారు. దాని ఫ్రెండు పక్కన కూర్చోని ఆడుకునేది అప్పుడే."

"నాకెప్పుడు చెప్పినావు ఇదంతా?"

"మీరెప్పుడు అడిగినారు?"

ఏమన్నారని అడిగేవాణ్ణి కదా అని నోటిదాకా వచ్చింది. అడుగుతూనే చెప్పులు వేసుకునేవాణ్ణని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆమె అప్పటికప్పుడు ప్రిన్సిపాల్ మేడంకి ఫోన్ చేసింది. మా ఆయన ఏదో కోపంలో అన్నాడు మేడం, మనసులో పెట్టుకోబాకండి అంది. అవతలి మాటలు నాకూ వినిపించాయి. సార్ ఒప్పుకున్నారు కదమ్మా, పాప మీద కంప్లైంట్ చేసిన మిగతా పేరెంట్స్‌కి చెప్పేశాం, కొన్నాళ్ళు పోనివ్వండి అన్నారు. ఆమె ఫోన్ పెట్టేసి అటు తిరిగి పడుకుంది.

మర్నాడు భోజనాల వేళకు నేనే వెళ్ళాను. పిల్లలందరూ వరండాలో కూర్చుని డబ్బాలు తెరుస్తున్నారు. మా పాప రెండు జడల అమ్మాయి ఒకతి పక్కన కూర్చుని ఉంది. ఆ పిల్ల తన డబ్బాలోంచి ఉర్లగడ్డ వేపుడు ముక్క తీసి మా పాప మూతలో పెడుతోంది. నన్ను చూసి పాప నవ్వింది. బ్యాగు ఇవ్వమన్నట్టు చేయి చాపగానే ఆ నవ్వు పోయింది.

"ఇంటికి పోదాం రామ్మా" అన్నాను.

దగ్గర్లోని కిటికీ ఊచ పట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు. ఊచ మాత్రం వదల్లేదు. ఒక్కొక్క వేలూ విడదీసి ఎత్తుకోవాల్సి వచ్చింది. వరండా అంతా తినడం ఆపి మమ్మల్ని చూసింది.

రెండు జడల పిల్ల నా వెనకాలే గేటు దాకా వచ్చింది. "అంకుల్, తను ఏం తప్పు చేసింది?" అని అడిగింది.

"ఏం చెయ్యలేదమ్మా."

"మరెందుకు తీసుకుపోతా ఉండారు?"

నేను బండి స్టార్ట్ చేశాను.

మా ఆవిడ ఇంకా తేరుకోలేదు కాబట్టి పాపను కొట్టుకు తీసుకొచ్చాను. నిమ్మకాయల బస్తా మీద కూర్చోబెట్టాను. వీపు మీద బ్యాగు తియ్యనివ్వలేదు. బూట్లు విప్పనివ్వలేదు. బడి వదిలే వేళ అయ్యేదాకా అలాగే కూర్చుంది. ఆ వేళకు రోడ్డు మీద యూనిఫామ్ పిల్లలతో ఆటోలు పోతుంటే ఒక్కో ఆటో వెంట తల తిప్పి చూసింది. అవి పోయాక తనే బ్యాగు తీసి పక్కన పెట్టుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

రోజూ నేనే వెళ్ళి తెచ్చేవాణ్ణి. లోడు మధ్యలో ఉన్నా కొట్టు మనిషికి అప్పగించి పరుగెత్తేవాణ్ణి. మా ఆవిడ లేచి తిరుగుతున్నాక ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగింది. "బేరాలు ఏమైనాయి ఇప్పుడు? ఒదిలేసి ఎట్ట వస్తా ఉండారు?" దెప్పినట్టు అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నేను తల దించుకుని ముద్ద కలుపుకున్నాను.

ఒక మధ్యాహ్నం మార్కెట్టులో మనుషులు పలచబడ్డాక పాప ముందు నేల మీద కూర్చున్నాను. దానికి అర్థమవుతుందో లేదో, నాకైతే చెప్పాలనిపించింది.

"నువ్వేం చెయ్యలేదమ్మా. తప్పు నాది" అన్నాను.

పాప నా వైపు చూడకుండా "నాది" అంది.

"కాదు, నీది కాదు. నాయనది."

"నాయనది" అంది.

అది కేవలం నా మాట తిప్పి అనడమేనని తెలుసు. అయినా ఆ మొదటి మాట దాని నోట్లోంచి వచ్చిన తీరు నన్ను చాలా రోజులు వదల్లేదు. బుద్ధి వచ్చినవాడు చెయ్యాల్సింది పిల్ల ముందు కూర్చుని ఏడవడం కాదనిపించింది. నేను వెళ్ళి మేడంతో మాట్లాడతానని ఆ సాయంత్రం ఇంట్లో అన్నాను.

"మీరొక్కరే పోబాకండి" అంది మా ఆవిడ వెంటనే. మళ్ళీ తనే, "ఈసారి మీటింగుకు ఇద్దరం పోదాం" అంది.

రెండు నెలలకు ఆ మీటింగు వచ్చింది. బండి మీద వెనక కూర్చుని దారి పొడుగునా నాకు పాఠం చెప్పింది. వాళ్ళు రానివి చెప్పేటప్పుడు మధ్యలో అడ్డం పడబాకండి. క్లాసు టీచరు వంక విసుగ్గా చూడబాకండి, ఆయమ్మే దినామూ దాన్ని పట్టుకునేది. డబ్బుల మాట అసలు ఎత్తబాకండి. ప్రతి దానికీ ఊ కొట్టాను. ఇదంతా ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో అడగాలనిపించింది. ఒంటరిగా కూర్చుని, ఒక్కో మీటింగులో ఒక్కో దెబ్బ తిని నేర్చుకుని ఉంటుందని తెలుస్తూనే ఉంది.

ఈసారి రెండు కుర్చీలూ నిండాయి. ముందుగా నేనే మాట్లాడాను. "పోయినసారి నేను అట్ట మాట్లాడకుండా ఉండాల్సింది. క్షమించండి." ప్రిన్సిపాల్ మేడం తల ఊపారు. క్లాసు టీచరు మాత్రం బల్ల వంక చూస్తూ అంది. "చేతకాదని అన్నారు సార్ మీరు. ఆరోజు ఇంటికి పోయి మా ఆయనతో చెప్పుకోని ఏడ్చినాను. క్లాసులో అంతమందిని పెట్టుకోని పాప వెనకాల పరిగెత్తేది నేనే. బెల్లు కొడితే ముందు నాకే గుండె దడ. నా చేతుల్లో ఏమన్నా అయితే ఏం చెప్పాలి మీకు?"

మా ఆవిడే చెప్పింది. "మీరు లేకపోతే అది ఈ మాత్రం కూడా కూర్చునేది కాదు మేడం. ఇంట్లో మీ మాదిరి చున్నీ వేసుకోని బొమ్మలకు అటెండెన్స్ పిలుస్తుంది." ఆ టీచరు తల ఎత్తి మొదటిసారి నవ్వింది. నా పిల్ల బొమ్మలకు అటెండెన్స్ పిలుస్తుందని నాకూ అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత మా ఆవిడ నెమ్మదిగా అడగవలసింది అడిగింది. బతిమలాడలేదు. ఒక్కసారి మాత్రం బల్ల కింద ఆమె చేయి చీర కొంగును మెలితిప్పడం చూశాను. ప్రత్యేక టీచరు కూడా సాయం వచ్చింది. తను వచ్చే రోజుల్లో భోజనాలయ్యాక కొట్టే బెల్లుకు కొంచెం ముందే పాపనూ ఆ స్నేహితురాలినీ లైబ్రరీ గదిలోకి తీసుకుపోతానని, అక్కడ బెల్లు అంతగా వినిపించదని చెప్పింది. ప్రిన్సిపాల్ మేడం మిగతా పేరెంట్స్‌కి తను జవాబు చెప్పుకోవాలన్నారు. చివరికి ఒప్పుకున్నారు, ఆ రెండు రోజుల వరకే. మిగతా రోజులు ఒంటిపూటే.

"మిగతా రోజులు కూడా..." అని నేను నోరు తెరిచాను. మా ఆవిడ నా మణికట్టు మీద చేయి వేసింది. మూసుకున్నాను.

బయటికొచ్చాక, "మధ్యాహ్నం బడి వారమంతా ఉండేది. నేను పోగొట్టినదాంట్లో రెండు రోజులే తెచ్చుకున్నాం" అన్నాను.

"అసలు లేనిదానికన్నా ఇది మేలు కదా" అంది. ఆమె ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి నన్ను నిలబెట్టి కడిగేస్తే బాగుండునని నాకనిపిస్తుంది. కడగదు. మీటింగు మెసేజ్ వస్తే ఫోన్ నా ముందు పెడుతుంది. ఆ రోజు నేను కొట్టు తెరవను. అంతవరకే.

పాప ఇప్పుడు నాలుగో తరగతి. లైబ్రరీ ఉన్న రోజుల్లో సాయంత్రం ఇంటికి రంగు అంటిన వేళ్ళతో వస్తుంది. వారమంతా ఉంచుకోమని ప్రతి మీటింగులో అడుగుతూనే ఉన్నాం. చూద్దామంటారు. క్లాసు టీచరు మారింది. కొత్తామె మంచిదే కానీ ఇంకా భయపడుతోంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొస్తున్నాం.

మొన్న ఒంటిపూట రోజున నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను. కిటికీ ఊచలు పట్టుకునే పని ఇప్పుడు లేదు. డబ్బా మూసేసి, బ్యాగు తగిలించుకుని, తనే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. వెనక వరండాలో పిల్లలు ఆడుకుంటున్నారు. అటు తిరిగి కూడా చూడడం లేదు.

కొత్త టీచరు సంతోషంగా అంది. "చూశారా సార్, అలవాటైపోయింది పాపకి."

"అవునండీ" అన్నాను. పాప చేయి పట్టుకుని, మా ఆవిడ నొక్కినట్టుగా గట్టిగా నొక్కి, బండి ఎక్కించాను.